గౌట్: నా రక్తం నేనే పరీక్ష చేసి నార్మల్ అని రాసుకున్నాను

నల్లగొండలో క్లాక్ టవర్‌కు కాస్త అవతల ఒక చిన్న ల్యాబ్ నాది. పద్దెనిమిదేళ్లుగా రక్తం తీస్తున్నాను, పరీక్షలు చేస్తున్నాను, రిపోర్టులు ఇస్తున్నాను. కీళ్ల నొప్పులని వచ్చినవాళ్లకు డాక్టర్లు రాసే చీటీ దాదాపు ఒకేలా ఉంటుంది, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్‌పీ, కీళ్లవాతం కోసం ఆర్ఏ ఫ్యాక్టర్, గొంతు ఇన్‌ఫెక్షన్ ఆనవాలు కోసం ఏఎస్ఓ, ఇక యూరిక్ యాసిడ్. ఇవి ఎన్ని వేలసార్లు చేసి ఉంటానో లెక్కే లేదు. గౌట్ అంటే రక్తంలో ఎక్కువైన యూరిక్ యాసిడ్ కీళ్లలో స్ఫటికాలుగా పేరుకుని వచ్చే వాపు జబ్బు. అయినా నా కాలికే అది వస్తే గౌట్ అని తేలడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లు ఏం జరిగిందో, తర్వాత ఏం తెలుసుకున్నానో, మందులు ఎలా వాడానో, ఎక్కడ తప్పు చేశానో అన్నీ రాస్తున్నాను. మా వైపు ఈ నొప్పిని ఫ్లోరిన్ అనుకునో, వాతం అనుకునో, నొప్పుల గోలీలు మింగుతూ తిరిగేవాళ్లు చాలామంది ఉన్నారు.

మొదటిసారి వచ్చింది 2019 మే నెలలో. దేవరకొండ దగ్గర మా అత్తగారి ఊళ్లో బావమరిది కొత్తింటి దావత్. రెండు యాటలు కోశారు. తలకాయ కూర, బోటి, కార్జం వేపుడు అన్నీ తిన్నాను, సాయంత్రం చెట్టు కింద ఈత కల్లు తాగాం, రాత్రికి బీరు. పొద్దంతా ఎండలో టెంటు పనులకు తిరిగాను గానీ నీళ్లు మాత్రం సరిగా తాగలేదు. డాబా మీద పడుకుంటే రాత్రి రెండున్నరకు మెలకువ వచ్చింది. కుడికాలి బొటనవేలి మొదట్లో పోటు, మొదట ఏదో సలుపులే అనుకుని పక్కకు తిరిగి పడుకున్నాను, గంట గడిచేసరికి వేలు మొదలంతా ఉబ్బి, ఎర్రగా నిగనిగలాడుతూ, చర్మం పగిలిపోతుందేమో అన్నట్టు బిగుసుకుపోయింది. కప్పుకున్న దుప్పటి అంచు తగిలితే అరిచాను. నా భార్య లేచి, "తేలు కుట్టిందా ఏంది, లైటు వేసి చూడుండ్రి" అంది. ఫోన్ లైటు వేసి మంచం కింద, దిండు కింద అంతా వెతికాం. తేలూ లేదు, జెర్రీ లేదు. కాటు గాటు కూడా లేదు.

పొద్దున ఊళ్లోని ఆర్ఎంపీ వచ్చి రెండు సూదులు వేశాడు, ఒకటి డైక్లోఫెనాక్, రెండోది ఏమిటో చెప్పలేదు, నేనూ అడగలేదు. కాలు కింద పెట్టలేక రెండు రోజులు అక్కడే ఉన్నాను. అయిదో రోజుకు వాపు తగ్గింది, వారం దాటాక వేలి మీద తోలు పొట్టులా లేచింది, అంతే, ఏమీ జరగనట్టే అయిపోయింది. సూది పనిచేసిందని అందరం అనుకున్నాం.

నొప్పి ఇంకా ఉన్న మూడో రోజునే నల్లగొండ వచ్చి నా రక్తం నేనే తీయించుకున్నాను. ఈఎస్ఆర్ 58. సీఆర్‌పీ 46, అంటే చాలా ఎక్కువ. ఆర్ఏ నెగెటివ్. యూరిక్ యాసిడ్ 6.4. మా రిపోర్టు కాగితం మీద మగవాళ్లకు నార్మల్ 3.5 నుంచి 7.2 అని అచ్చు వేసి ఉంటుంది. 6.4 పక్కన నా చేత్తోనే నార్మల్ అని రాసుకుని గౌట్ సంగతి మర్చిపోయాను. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్‌లో ఉంది.

మా అమ్మ అయితే అప్పుడే తేల్చేసింది, "ఫ్లోరిన్ నొప్పులే బిడ్డా, మీ నాయినకు కూడా గట్లనే ఉండె" అని. మాది మర్రిగూడ మండలం వైపు. ఆ ప్రాంతంలో బోరు నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగాను, మా వాళ్లు ఏ కీలు నొప్పినైనా ఆ లెక్కలో వేయడంలో తప్పు లేదు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక కూడా ఆ భయం పోలేదు. కానీ ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది, వెన్ను బిగుసుకుపోతుంది, మెడ తిరగదు, పళ్ల మీద గారలు ఉంటాయి, ఎముకలు, వాటిని కట్టిపట్టే నరాల్లాంటి పట్టీలు గట్టిపడతాయి. రాత్రి బాగానే పడుకున్న మనిషికి తెల్లారేసరికి ఒక్క వేలు పుండులా అయిపోయి, పది రోజుల్లో దానంతట అదే మాయమవడం ఫ్లోరిన్ పని కాదు. ఈ తేడా అప్పుడు నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

రెండోసారి 2021 జనవరిలో, ఎడమ చీలమండ. మెట్లు దిగుతూ మడత పడిందేమో అనుకుని క్రేప్ బ్యాండేజీ కట్టుకుని తిరిగాను. పది రోజుల్లో తగ్గింది. దాని గురించి ఇంతకంటే రాయడానికి లేదు.

మూడోసారి 2022 ఆగస్టు. కుడి మోకాలు. ఇది మాత్రం మామూలుగా రాలేదు. సాయంత్రం కొంచెం బరువుగా ఉందనుకున్నాను, తెల్లారేసరికి మోకాలు గుమ్మడికాయ అయింది, 101 జ్వరం, వణుకు. బాత్రూమ్‌కు పోవడానికి నా తమ్ముడు, నా కొడుకు చెరో పక్క పట్టుకోవాల్సి వచ్చింది. ఆర్థో డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే ఆయన చూసిన వెంటనే, "జ్వరంతో ఒక్క కీలు ఇట్లా వాచిందంటే ముందు చీము కాదని తేల్చుకోవాలి, ఆలస్యం చేస్తే కీలు పోతుంది" అని సూది పెట్టి నీరు తీశారు. ఒకే ఒక్క కీలు జ్వరంతో వాస్తే ఇంట్లో కూర్చోకూడదు అని నేను ప్రతి ఒక్కరికీ చెప్పే మాట అప్పుడు ఆయన నోట విన్నదే. సిరంజిలోకి వచ్చింది ముప్పై ఎమ్ఎల్ పైనే, పసుపుగా, మసకగా, కాగితం మీది అక్షరాలు అందులోంచి కనపడనంత చిక్కగా. కొంత, క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్షకు పంపారు. కొంత, గడ్డకట్టకుండా ఉంచే హెపారిన్ ట్యూబులో వేయించుకుని, నన్ను కారులో వెనక సీట్లో కాలు చాపి కూర్చోబెట్టుకుని ల్యాబ్‌కు తీసుకుపోయారు మావాళ్లు.

స్లయిడ్ మీద ఒక చుక్క వేసి కవర్ స్లిప్ పెట్టి నేనే చూశాను. తెల్ల కణాలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి, లెక్కేస్తే 34 వేలు, అందులో ఎక్కువ భాగం న్యూట్రోఫిల్సే, అంటే క్రిముల మీదికి ముందుగా పరిగెత్తే రకం. బ్యాక్టీరియా కోసం గ్రామ్ స్టెయిన్ చేశాం, ఏమీ లేదు. మళ్లీ తడి స్లయిడ్‌కే వచ్చి 40 లెన్స్ కింద, వెలుతురు తగ్గించి ఫోకస్ మెల్లగా తిప్పుతూ ఉంటే సన్నటి గీత ఒకటి కనపడింది. గీత అనుకున్నాను, గాజు మీది గీత అయితే స్లయిడ్‌తో పాటు జరగాలి, ఇది కణంతో పాటు కదులుతోంది. రెండు చివర్లూ మొనదేలిన సూది. ఒక న్యూట్రోఫిల్ దాన్ని మింగడానికి చూసి, మొత్తం మింగలేక, అటొక కొస ఇటొక కొస బయటికి వచ్చి, పిండిముద్దకు పుల్ల గుచ్చినట్టు ఉంది. పక్క కణంలో ఇంకొకటి. ఆ తర్వాత చూసిన చోటల్లా అవే. నా మోకాలి నొప్పిని నా కళ్లతో చూస్తున్నాను అన్న ఆలోచనకు ఒళ్లు ఝల్లుమంది.

కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ఆర్థో డాక్టరే, "ఇది గౌట్. రుమటాలజిస్ట్‌కు చూపించుకో" అని రాసిచ్చారు. కీళ్ల నొప్పి అంటే ఆర్థోకు పోవడమే మనకు అలవాటు. కీళ్ల వాపు జబ్బులకు రుమటాలజీ అని వేరే విభాగం ఉందని, హైదరాబాద్‌లో నిమ్స్‌లో కూడా ఆ విభాగం ఉందని మా ఊళ్లలో చాలామందికి తెలియదు. నేను వెళ్లింది ఒక మేడమ్ దగ్గరికి. నల్లగొండ నుంచి ఎల్‌బీ నగర్ దాకా బస్సు, అక్కడి నుంచి మెట్రో, కర్ర పట్టుకుని తమ్ముడితో.

ఆమె అడిగిన మొదటి ప్రశ్న మా నాయిన గురించి. "ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా" అన్నారు. ఫ్లోరిన్ నొప్పులు మేడమ్ అని మొదలుపెట్టి, చెబుతూ చెబుతూ ఉండగా నాకే గుర్తొచ్చింది. నాయిన కుడి మోచేతి వెనక చింతగింజంత గడ్డ ఉండేది, గట్టిగా. ఒకసారి గొడ్డలి కట్టె తగిలి అది పగిలింది. రక్తం రాలేదు, తడిపిన సున్నంలా తెల్లటిది వచ్చింది. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను, బట్టతో తుడిచింది నేనే. చెవి అంచున కూడా చిన్న చిన్న తెల్ల గింజలు ఉండేవి ఆయనకు. మేడమ్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అది సున్నం కాదండీ, యూరేట్, అంటే పేరుకుపోయిన యూరిక్ యాసిడ్. ఆ గడ్డను టోఫస్ అంటాం" అన్నారు. పదిహేనేళ్లు ఆయన నొప్పుల గోలీలు మింగాడు, చివరికి కిడ్నీలు పోయి చనిపోయాడు. గౌట్ అన్న మాట ఆయన ఒక్కసారి కూడా విన్నట్టు నాకు గుర్తులేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో దీని గురించే ఆలోచిస్తూ వచ్చాను.

మోకాలిలో ఇంకా నీరు మిగిలి ఉంటే ఆమె కొంచెం తీశారు. "మీది మా లైనే కదా, రండి చూద్దురుగానీ" అని పక్క గదిలో పోలరైజింగ్ మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టారు. మా ల్యాబ్‌లో ఉండేది మామూలుది. ఇందులో వెనక అంతా ముదురు గులాబీ రంగు, దాని మీద సూదులు పసుపుగా మెరుస్తున్నాయి, కొన్ని నీలంగా. ప్లేటు తిప్పితే పసుపువి నీలమయ్యాయి, నీలంవి పసుపయ్యాయి. యూరేట్ స్ఫటికానికి ఇదే గుర్తు. ఈ పద్ధతిని 1961లో అమెరికాలో డేనియల్ మెకార్టీ, హోలాండర్ అనే ఇద్దరు చూపించారట. ఆ మరుసటి ఏడాదే మెకార్టీ, ఫెయిర్స్ అనే మరో డాక్టరుతో కలిసి, ఈ స్ఫటికాలే నొప్పికి కారణమని రుజువు చేయడానికి వాటిని తమ మోకాళ్లలోకే సూదితో ఎక్కించుకున్నారు. కొన్ని గంటల్లోనే మోకాళ్లు వాచి నొప్పితో అల్లాడారు. ఆ సంగతి విన్నప్పుడు వాళ్ల మీద నాకు కలిగిన గౌరవం మాటల్లో చెప్పలేను, ఎందుకంటే ఆ నొప్పి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

నేను అడిగాను, "మేడమ్, నాకు యూరిక్ యాసిడ్ 6.4 ఉంది, నార్మలే కదా, మరి ఇవెక్కడివి" అని. ఆమె ఇచ్చిన జవాబే ఈ రాతకంతటికీ మూలం. "యూరిక్ యాసిడ్ నొప్పి పుట్టించదు. నొప్పి పుట్టించేది మీ రోగనిరోధక శక్తి. ఆ రెండూ వేరు వేరు పనులు, వాటికి మందులు కూడా వేరు వేరు" అన్నారు. ఆమె కాగితం మీద బొమ్మ వేసి చెప్పింది, తర్వాత నేను చదువుకున్నది కలిపి నాకు అర్థమైనట్టు చెబుతాను.

శరీర వేడి దగ్గర రక్తంలో యూరిక్ యాసిడ్ దాదాపు 6.8 దాటితే ఇక కరగలేక మెల్లగా స్ఫటికాలుగా పేరుకోవడం మొదలవుతుంది. కాలి వేళ్లు మిగతా ఒంటికంటే చల్లగా ఉంటాయి కాబట్టి ముందు అక్కడ. అంటే మా రిపోర్టుల మీద అచ్చు వేసే 7.2 ఆ గీత దాటేసిందన్నమాట. పేరుకున్నవి ఏళ్లపాటు ఏ గొడవా లేకుండా కీలు లోపల మృదులాస్థి మీద పూతలా ఉండిపోగలవు. ఒకరోజు కొన్ని ఊడి కీలు నీళ్లలో పడతాయి. కీలు పొరలో కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు వాటిని ఏ క్రిమో అనుకుని మింగుతాయి. క్రిమిని అయితే అరిగించుకోగలవు, ఈ సూదిని అరిగించుకోలేవు, లోపలి సంచీ చినుగుతుంది. అప్పుడు కణం లోపల ఒక అలారం మోగుతుంది. దాని పేరు ఎన్ఎల్ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమసోమ్. కొన్ని ప్రోటీన్లు వచ్చి ఒకదానికొకటి అతుక్కుని గుంపుగా ఏర్పడతాయి, ఆ గుంపు కాస్పేస్-1 అనే కత్తెరను పని మొదలుపెట్టిస్తుంది, ఆ కత్తెర అప్పటిదాకా పనికిరాని రూపంలో ఉన్న, వాపు కబురు మోసే ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను కత్తిరించి అసలు రూపంలోకి తెస్తుంది. అది కణం బయటికి పోయిందంటే ఇక మంట అంటుకున్నట్టే. రక్తనాళాలు వెడల్పవుతాయి, అందుకే ఎరుపు, వేడి. నీరు ఊరుతుంది, అందుకే వాపు. న్యూట్రోఫిల్స్‌కు కబురు పోతుంది, అవి వేలల్లో వచ్చి మళ్లీ అవే సూదుల్ని మింగి, అవీ పగిలి ఇంకా కబుర్లు పంపుతాయి. స్ఫటికాలకూ ఈ అలారానికీ ఉన్న ఈ సంబంధాన్ని 2006లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో యుర్గ్ చోప్ బృందం బయటపెట్టింది. అంతకుముందు గౌట్‌లో స్ఫటికం సంగతి తెలుసు, నొప్పి సంగతి తెలుసు, మధ్యలో ఏ తీగ మీద కబురు పోతోందో తెలియదు.

ఆ కబురులో భాగంగానే ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయం దాకా పోయి సీఆర్‌పీ తయారు చేయిస్తుంది. నా రిపోర్టులో 46 అని వచ్చింది అదే. అంటే నా ఒళ్లు ఏం జరుగుతోందో ఆ రోజే ఆ కాగితం మీద చెప్పింది, నేను పక్క గీతలోని 6.4ను చూసి ఊరుకున్నాను. దాడి నడుస్తున్నప్పుడు యూరిక్ యాసిడ్ మూత్రంలో ఎక్కువగా పోయి రక్తంలో అంకె దిగుతుంది, అందుకే ఆ సమయంలో నార్మల్ వచ్చినా గౌట్ లేదని కాదు, రెండు వారాలు ఆగి మళ్లీ చేయాలి. ఈ ఒక్క మాట తెలియక నేను ఎంతమందికి నార్మల్ కాగితం ఇచ్చి పంపానో. వాళ్లలో కొందరు ఆ కాగితం చూసుకుని గౌట్ మాట మర్చిపోయి ఉంటారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రెండు వారాల తర్వాత నాది నేను మళ్లీ చేశాను. 9.1. ఆ రోజు కిట్ తీస్తూ ఒక విషయం గమనించాను, పద్దెనిమిదేళ్లుగా చేతిలో పట్టుకున్నదే. మేం వాడే యూరిక్ యాసిడ్ రీఏజెంట్‌లో ఉండేది యూరికేజ్ అనే ఎంజైము. సీరమ్‌లో కలిపి 37 డిగ్రీల్లో కాసేపు ఉంచితే అది యూరిక్ యాసిడ్‌ను విరగ్గొడుతుంది, దాంతో గులాబీ రంగు వస్తుంది, రంగు ఎంత చిక్కగా ఉంటే యూరిక్ యాసిడ్ అంత. చాలా జంతువుల ఒంట్లో ఈ ఎంజైము ఉంటుంది, మనుషులకు లేదు, కోటి ఏళ్లకు పైగా వెనక మన పూర్వీకులు దాన్ని పోగొట్టుకున్నారు. అది ఉంటే గౌట్ లేదు. నా ఒంట్లో లేనిది నా ఫ్రిజ్‌లో సీసాలో ఉంది. ట్యూబులో రంగు అంత ముదురుగా రావడం చూస్తూ కాసేపు అట్లాగే నిలబడిపోయాను.

దావత్ సంగతి కూడా ఆమెను అడిగాను. స్ఫటికాలు ఎప్పుడూ అక్కడే ఉన్నప్పుడు ఆ రాత్రే ఎందుకు అని. అలారం మోగడానికి ఒక్క స్ఫటికం చాలదట, ముందు కణాన్ని సిద్ధం చేసే ఇంకో కబురు కావాలి. బాగా కొవ్వు భోజనం తర్వాత రక్తంలో పెరిగే కొన్ని కొవ్వు ఆమ్లాలు ఆ పని చేయగలవు. మద్యం ఒకపక్క యూరిక్ యాసిడ్‌ను పెంచుతూ, మరోపక్క అది కిడ్నీల్లోంచి బయటికి పోకుండా చేస్తుంది. ఎండ, నీళ్లు తక్కువవడం, అర్ధరాత్రి, ఇవన్నీ తోడయ్యాయి. ఇక ఆర్ఎంపీ సూదే తగ్గించిందని మేం అనుకోవడం గురించి. గౌట్ దాడి మందు లేకపోయినా ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. చచ్చిన న్యూట్రోఫిల్స్ తమ లోపలి డీఎన్ఏను వలలా బయటికి పరుస్తాయి, ఆ వలలు గుంపుగా కట్టుకుని స్ఫటికాల్ని చుట్టేసి, మంట రేపే ఆ కబుర్లను అక్కడికక్కడే ముక్కలు చేసేస్తాయి. మంటను పెంచిన కణాలే దాన్ని ఆర్పేస్తాయి. అందుకే నొప్పి తగ్గినప్పుడు పసరు కట్టినవాడికీ, తాయెత్తు కట్టినవాడికీ, సూది వేసినవాడికీ పేరు వస్తుంది. లోపల స్ఫటికాలు మాత్రం అట్లాగే ఉంటాయి.

మందులు రెండు రకాలు ఇచ్చారు. దాడిని ఆపడానికి కోల్చిసిన్. దాడి మొదలైన వెంటనే 1 మిల్లీగ్రామ్, గంట తర్వాత 0.5, అంతకుమించి వద్దు, ఆ తర్వాత రోజుకొకటి అని నాకు చెప్పారు. కిడ్నీలు బాగా లేనివాళ్లకు, కొన్ని యాంటీబయోటిక్స్ వాడేవాళ్లకు ఇది ప్రమాదం, ఎవరికివారు వేసుకునేది కాదు. ఇది కణాల లోపలి సన్నటి గొట్టాలను కట్టనివ్వదు, దాంతో న్యూట్రోఫిల్స్ కదలలేవు, ఆ అలారం గుంపు కూడా సరిగా కట్టుకోలేదు. ఇక్కడ ఒక మాట. అచ్చంపేట వైపు మా మేనమామ ఒకాయన, "నాభి గడ్డ నూరి కట్టు, కొంచెం లోపలికి కూడా తీసుకో" అని చెప్పాడు. అడవినాభి, అగ్నిశిఖ అంటారు కదా, ఎర్రగా పసుపుగా మంటలా పూస్తుంది, ఆ గడ్డలో ఉండేది కూడా కోల్చిసినే. పెద్దాయన పూర్తిగా తప్పు చెప్పలేదు. కానీ గోలీలో అర మిల్లీగ్రామ్ అని కొలిచి పెడతారు, గడ్డ ముక్కలో ఎంత ఉందో ఎవరు కొలుస్తారు, అది తిని ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ జోలికి పోవద్దు.

ఈ కబురు మార్గాన్ని నేరుగా అడ్డుకునే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి, అనకిన్రా, కనకినుమాబ్ అని, ఇవి ఇంటర్‌ల్యూకిన్-1ను పనిచేయనివ్వవు. వేరే మందులు పడని గౌట్ రోగులకు కనకినుమాబ్ వాడవచ్చని అమెరికాలో 2023లో అనుమతి ఇచ్చారు. నాకు వాటి అవసరం రాలేదు, ఖరీదు కూడా మనం తట్టుకునేది కాదు. వాటి గురించి ఎందుకు రాస్తున్నానంటే, అవి యూరిక్ యాసిడ్‌ను తగ్గించడానికి ఇచ్చేవి కావు, అయినా నొప్పి తగ్గుతుంది. మేడమ్ చెప్పిన మాటకు ఇంతకంటే రుజువు ఏం కావాలి.

రెండో మందు అల్లోప్యూరినాల్. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ తయారుచేసిన మందు, 1966 నుంచి వాడుకలో ఉంది, వాళ్లిద్దరికీ 1988లో నోబెల్ వచ్చింది. ఇది యూరిక్ యాసిడ్ తయారీనే తగ్గిస్తుంది. రోజుకు 100తో మొదలుపెట్టారు. మొదటి వారాల్లో ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, జ్వరం ఏది కనపడినా వెంటనే ఆపేసి రావాలని గట్టిగా చెప్పారు, అరుదుగానే అయినా ఆ రియాక్షన్ ప్రాణం మీదికి తెస్తుంది. నాకు ఏమీ రాలేదు. నా బీపీ గోలీ కూడా చూశారు, అందులో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసి ఉంది, అది యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. దాన్ని తీసేసి లోసార్టాన్ ఇచ్చారు, అది కొంచెం తగ్గిస్తుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4 ఉంది కాబట్టి నొప్పుల గోలీలు ఇక ముట్టుకోవద్దన్నారు. నాయిన గుర్తొచ్చి ఆ మాట ఒక్కసారికే నాటుకుంది.

తిండి గురించి చెప్పాలి, ఎందుకంటే ఊళ్లో ప్రతి ఒక్కరూ దీని మీదే పడతారు. పప్పు మానెయ్, టమాట మానెయ్, పాలకూర మానెయ్, పెరుగు మానెయ్. నేను మేడమ్ దగ్గరికి పోకముందే నెల రోజులు పప్పు లేకుండా తిన్నాను. ఆమె వెంటనే తినమన్నారు. అమెరికాలో దాదాపు 47 వేల మంది మగవాళ్లను 12 ఏళ్లు గమనించి 2004లో ఇచ్చిన లెక్క ఉంది, మాంసం, చేపలు, రొయ్యలు ఎక్కువ తిన్నవాళ్లకు గౌట్ ఎక్కువ వచ్చింది, ప్యూరిన్లు (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారేవి) ఉన్న కూరగాయలు, పప్పులతో రాలేదు, పాలు పెరుగు తీసుకున్నవాళ్లకు తక్కువ వచ్చింది. అదే గుంపులో మద్యాల్లోకెల్లా బీరుతో ముప్పు ఎక్కువ. కాబట్టి నేను మానేసింది కార్జం, బోటి, బీరు, కల్లు, కూల్ డ్రింకులు. యాట కూర పండక్కి కొంచెం. పప్పుచారు, మజ్జిగ ఎప్పటిలాగే. అయితే తిండి ఎంత కట్టుదిట్టం చేసుకున్నా అంకె ఒక పాయింటు దిగితే గొప్ప, 9.1 ఉన్న నాకు పత్యం ఒక్కటే సరిపోదని కూడా ఆమె అప్పుడే చెప్పారు.

ఇక నేను చేసిన తప్పు. అల్లోప్యూరినాల్ మొదలుపెట్టిన ఏడో వారంలో మళ్లీ బొటనవేలు వాచింది. మందు వేసుకుంటుంటే నొప్పి రావడమేంటి, ఈ మందే పడలేదు అనుకుని, ఎవరినీ అడగకుండా రెండూ ఆపేశాను. మేడమ్ ముందే చెప్పారు, రక్తంలో అంకె దిగుతుంటే పేరుకున్న స్ఫటికాలు కరుగుతూ ఊడి కీలులో పడతాయి, మొదటి నెలల్లో దాడులు రావచ్చు, అందుకే కోల్చిసిన్ రోజుకొకటి కొన్ని నెలలు కలిపి ఇస్తున్నాను, ఏం జరిగినా అల్లోప్యూరినాల్ ఆపొద్దు అని. విన్నాను, తలూపాను, నొప్పి వచ్చేసరికి అన్నీ మర్చిపోయాను. నాలుగు నెలలు ఏ మందూ లేదు. నొప్పి కూడా లేదు కాబట్టి బాగైపోయిందనే అనుకున్నాను. 2023 మార్చిలో రెండు కాళ్లూ ఒకేసారి వచ్చాయి. చెల్లెలి కూతురి పెళ్లి ఆ వారమే. మేనమామను నేను, బుట్టలో పిల్లను ఎత్తుకురావాల్సినవాణ్ని, కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చున్నాను, నా బదులు తమ్ముడు ఎత్తుకొచ్చాడు. ఆ పిల్ల మండపంలోంచి నా వైపే చూసింది.

మళ్లీ మొదలు. 100, తర్వాత 200, తర్వాత 300, ప్రతిసారీ నెల గ్యాపుతో, ప్రతిసారీ అంకె చూసుకుంటూ. 8.2, 7.0, 6.1, 5.4. ఆరు కంటే కింద ఉండాలని లక్ష్యం, అక్కడుంటే కొత్తవి పేరుకోవు, పాతవి మెల్లగా కరుగుతాయి. మధ్యలో ఒక చిన్న దాడి వచ్చింది, ఈసారి మందు ఆపలేదు, కోల్చిసిన్‌తో రెండు రోజుల్లో పోయింది. ఆరు నెలల తర్వాత కోల్చిసిన్ ఆపేశారు. 2023 దసరా తర్వాత నాకు మళ్లీ దాడి రాలేదు. గోలీ మాత్రం రోజూ వేసుకుంటాను, బీపీ గోలీతో పాటు.

ల్యాబ్‌లో ఒక మార్పు చేశాను. యూరిక్ యాసిడ్ రిపోర్టు కింద ఒక వాక్యం అచ్చు వేయించాను: కీలు వాపు ఉన్నప్పుడు ఈ అంకె తక్కువ రావచ్చు, వాపు తగ్గిన రెండు వారాలకు మళ్లీ చేయించుకోండి. డబ్బుల కోసం రెండుసార్లు చేయిస్తున్నాడని ఒకాయన అన్నాడు. సీఆర్‌పీ ఎక్కువగా ఉండి యూరిక్ యాసిడ్ నార్మల్ వచ్చిన వాళ్లకు రెండోసారి డబ్బులు తీసుకోవడం మానేశాను.

పోయిన వానాకాలం మా తమ్ముడు బొటనవేలు పట్టుకుని కుంటుతూ ల్యాబ్‌కు వచ్చాడు. నాకంటే ఆరేళ్లు చిన్న. లారీ తోలుతాడు, రాత్రుళ్లు బయటే తిండి. "అన్నా, రాయి తగిలినట్టుంది" అన్నాడు. తగిలిన గుర్తేమీ లేదు, వేలు మొదలు ఎర్రగా నిగనిగలాడుతోంది. రక్తం నేనే తీశాను. సీఆర్‌పీ 39, యూరిక్ యాసిడ్ 6.2. కాగితం చూసి, "నార్మలే గదా, మంచిదాయె" అన్నాడు. నార్మల్ అని రాయలేదు. కోల్చిసిన్ కోసం డాక్టర్ దగ్గరికి తీసుకుపోయి, పదిహేనో రోజు ఎక్కడున్నా సరే నల్లగొండ రావాలని మాట తీసుకున్నాను. సూర్యాపేటలో లోడు దించి పొద్దున ఏడుకే వచ్చి చెయ్యి చాపాడు. సీరమ్ తీసి, రీఏజెంట్ కలిపి, ట్యూబు వాడి ముందే పెట్టాను. రంగు ముదురుతూ ఉంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. 8.7.